సీసా మీద గాఢత, కణం దగ్గర టోనిసిటీ

నాలుగు గాజు గొట్టాలతో మొదలుపెడదాం. మొదటి దాంట్లో 0.9 శాతం ఉప్పునీళ్లు, రెండో దాంట్లో డిస్టిల్డ్ వాటర్, మూడో దాంట్లో 3 శాతం ఉప్పునీళ్లు, నాలుగో దాంట్లో 1.8 శాతం యూరియా కలిపిన నీళ్లు. ఒక్కో దాంట్లో రెండేసి చుక్కల రక్తం వేసి, మెల్లగా తిప్పి, వెనకాల అచ్చు కాగితం పెట్టి చూడాలి. మొదటి గొట్టం ఎర్రగా, మబ్బుగా ఉంటుంది. వెనక అక్షరాలు కనపడవు. ఎర్రకణాలు చెక్కుచెదరకుండా ఉండి వెలుతురుకు అడ్డుపడుతున్నాయి. రెండోది క్షణాల్లో తేటపడుతుంది. ఎర్రసిరా కలిపిన నీళ్లలా రంగు ఉంటుంది గానీ అక్షరాలు హాయిగా చదువుకోవచ్చు. కణాలు పగిలిపోయి లోపలి హిమోగ్లోబిన్ నీళ్లలో కలిసిపోయింది. మూడోది చూపుకు మొదటిదానిలాగే మబ్బుగా ఉంటుంది. ఒక చుక్క తీసి మైక్రోస్కోపు కింద పెడితే మాత్రం, పళ్లెంలా ఉండాల్సిన కణాలు ముడుచుకుపోయి ముళ్లకాయల్లా కనిపిస్తాయి.

ఈ మూడూ బడి పాఠాల్లో ఉన్నవే: సమగాఢత (ఐసోటానిక్), అల్పగాఢత (హైపోటానిక్), అధికగాఢత (హైపర్‌టానిక్). నాలుగో గొట్టం సంగతి అంత సులువుగా తేలదు. 0.9 శాతం ఉప్పునీళ్లలో ఎన్ని రేణువులున్నాయో 1.8 శాతం యూరియాలోనూ దాదాపు అన్నే ఉన్నాయి. రేణువుల లెక్క కొలిచే ఆస్మోమీటర్‌లో పెడితే రెండింటికీ మూడు వందల మిల్లీఆస్మోల్‌కు (రేణువుల లెక్కకు వాడే కొలత) అటూ ఇటూగా అంకె వస్తుంది. ఆ లెక్కన నాలుగో గొట్టం మొదటిదానిలా మబ్బుగా ఉండాలి. ఉండదు. రెండోదానిలా తేటపడిపోతుంది.

సెలైన్ గురించి వచ్చే గందరగోళంలో చాలా భాగం ఈ నాలుగో గొట్టం దగ్గరే పుడుతుంది. సీసా మీద రాసేది గాఢత. కణం పట్టించుకునేది టోనిసిటీ. రెండూ ఒకటేనని అనుకుంటే ఎక్కువసార్లు సరిపోతుంది. సరిపోనప్పుడు ప్రాణం మీదికి వస్తుంది.

సంగతేమిటంటే, కణత్వచం నీళ్లను సులువుగా రానిస్తుంది. నీళ్ల కోసమే ఆక్వాపోరిన్ అనే ప్రోటీన్ దారులు ఉన్నాయి. వాటిని కనిపెట్టినందుకు పీటర్ ఆగ్రేకు 2003లో రసాయనశాస్త్ర నోబెల్‌లో వాటా దక్కింది. నీళ్లు ఎటు వెళ్తాయనేది పొరకు ఏ వైపున దాటలేని రేణువులు ఎక్కువున్నాయనే దాన్ని బట్టి ఉంటుంది. ఇక్కడ ‘దాటలేని’ అన్న మాటే కీలకం. ఉప్పులోని సోడియం కొద్దికొద్దిగా లోపలికి జారుతూనే ఉంటుంది. కానీ కణం దగ్గర పంపు ఉంది. మూడు సోడియం అయాన్లను బయటికి తోసి, రెండు పొటాషియం అయాన్లను లోపలికి లాక్కుంటుంది. కాబట్టి లెక్కకు సోడియం బయటే ఉన్నట్టు. యూరియాకు ఎర్రకణం పొరలో సొంత దారే ఉంది, అడిగేవాడు లేడు. లోపలా బయటా యూరియా సమానమైపోతుంది. ఇక మిగిలేది కణం లోపల ముందునుంచీ ఉన్న లవణాలు, ప్రోటీన్లు. వాటికి సరితూగేది బయట ఏమీ లేదు. అంటే ఆ కణం మంచినీళ్లలో పడ్డట్టే.

ఇలా పొర దాటి రాలేని రేణువుల బలమే టోనిసిటీ. మొత్తం రేణువుల లెక్క ఆస్మోలారిటీ. మొదటిదాన్ని కొలవడానికి యంత్రం చాలదు, అవతల ఏ కణం ఉందో కూడా తెలియాలి. ప్రయోగశాల రిపోర్టుల్లో ఈ తేడా చిన్న సూత్రంగా కనపడుతుంది. రక్తం ఆస్మోలాలిటీని (ఇదీ రేణువుల లెక్కే, లీటరుకు బదులు కిలో నీళ్లకు) అంచనా వేసేటప్పుడు సోడియంను రెట్టింపు చేసి, గ్లూకోజ్‌నూ యూరియానూ కలుపుతారు. టోనిసిటీ కావాలంటే యూరియాను వదిలేస్తారు. కిడ్నీలు పాడై యూరియా బాగా పెరిగిన మనిషి రక్తం యంత్రంలో చాలా చిక్కగా కనిపించినా, కణాల నుంచి నీళ్లు లాగేయకపోవడానికి కారణం ఇదే. అయితే దీనికీ ఒక మినహాయింపు ఉంది. మెదడు పొరల్ని యూరియా నెమ్మదిగా దాటుతుంది. డయాలసిస్‌లో యూరియాను మరీ వేగంగా తీసేస్తే రక్తంలో తగ్గినంత త్వరగా మెదడులో తగ్గదు, ఆ కొన్ని గంటలూ నీళ్లు మెదడులోకి పోతాయి. తలనొప్పి, వాంతులు, ఒక్కోసారి ఫిట్స్. దాటగలిగే రేణువు కూడా దాటడానికి టైమ్ పట్టేంతసేపూ దాటలేనిదిగానే లెక్క.

బలం ఎంత ఉంటుందో కూడా చెప్పుకోవాలి. శరీర ఉష్ణోగ్రత దగ్గర, పొరకు రెండు వైపులా లీటరుకు 1 మిల్లీఆస్మోల్ తేడా ఉంటే దాదాపు 19 మిల్లీమీటర్ల పాదరసమంత ఒత్తిడి పుడుతుంది. 10 మిల్లీఆస్మోల్ తేడా వస్తే అది 190 దాటుతుంది. గుండె కొట్టుకున్నప్పుడు వచ్చే పై బీపీ 120. అంత ఒత్తిడిని తట్టుకుని నిలబడే గోడ జంతుకణానికి లేదు. అందుకే అది పంతానికి పోదు, నీళ్లు వచ్చినంతా రానిచ్చి ఉబ్బుతుంది.

తొమ్మిది గ్రాముల చరిత్ర

లీటరు నీళ్లకు 9 గ్రాముల ఉప్పు అన్నది రక్తాన్ని విశ్లేషించి రాసుకున్న వంటకం అని చాలామంది అనుకుంటారు. నిజానికి అది ఎర్రకణాలు పగులుతాయా లేదా అని చూసి తేల్చిన అంకె. ఇది వచ్చింది వృక్షశాస్త్రం వైపు నుంచి. నెదర్లాండ్స్‌లో హ్యూగో డి వ్రీస్ 1880లలో మొక్కల కణాలను రకరకాల ద్రావణాల్లో ఉంచి, లోపలి పదార్థం గోడనుంచి ఎప్పుడు విడివడుతుందో చూశాడు. వేర్వేరు పదార్థాల ద్రావణాలు ఏయే గాఢతల దగ్గర ఒకే ప్రభావం చూపుతాయో లెక్కగట్టాడు. అదే దేశానికి చెందిన హార్టోగ్ హాంబర్గర్ మొక్కల కణాల స్థానంలో ఎర్రకణాలను పెట్టి అదే ప్రశ్న వేశాడు. మనిషి రక్తానికి ఉప్పు 0.92 శాతం దగ్గర సరిపోతుందని తేల్చాడు. అంతవరకూ ప్రయోగశాలల్లో వాడుతున్నది 0.6 శాతం ఉప్పునీళ్లు. అది కప్పకు సరిపోయే మోతాదు. ప్రయోగాలన్నీ కప్పల మీదే జరిగేవి మరి.

ఇదే కాలంలో వాంట్ హాఫ్ 1887లో ద్రవాభిసరణ పీడనానికి, అంటే పొర గుండా నీళ్లను లాగే ఆ ఒత్తిడికి సూత్రం ఇచ్చాడు. 1901లో రసాయనశాస్త్రానికి మొట్టమొదటి నోబెల్ ఆయనకే వచ్చింది.

రోగి నరంలోకి ఉప్పునీళ్లు ఎక్కించడం మాత్రం ఈ సిద్ధాంతాలన్నింటికన్నా పాతది. 1832 కలరా కాలంలో స్కాట్లండ్‌లోని లీత్‌లో థామస్ లట్టా అనే డాక్టర్ నీళ్లన్నీ పోయి చావుకు దగ్గరపడ్డ రోగులకు ఉప్పు, సోడియం బైకార్బొనేట్ కలిపిన నీళ్లు నరంలోకి ఎక్కించాడు. ఆయన వంటకాన్ని ఇప్పటి కొలతల్లోకి మారిస్తే లీటరుకు సోడియం సుమారు 134, క్లోరైడ్ 118, బైకార్బొనేట్ 16 మిల్లీమోల్ వస్తాయి. ఇప్పటి 0.9 సెలైన్ కన్నా అది రక్తం కూర్పుకే దగ్గరగా ఉంది! యాభై ఏళ్ల తర్వాత వచ్చిన హాంబర్గర్ అంకె టోనిసిటీలో గురి చూసి కొట్టింది, కూర్పులో మాత్రం లట్టాకన్నా వెనకబడింది.

‘నార్మల్ సెలైన్’ అనే పేరు కూడా తికమకే. రసాయనశాస్త్రంలో ఒక నార్మల్ ఉప్పు ద్రావణం అంటే లీటరుకు 58.4 గ్రాములు, అంటే దాదాపు 5.8 శాతం. దాన్ని నరంలోకి ఎక్కిస్తే ఏమవుతుందో వేరే చెప్పనక్కర్లేదు. వార్డుల్లో ‘ఎన్ఎస్’ అనేది ఆ లెక్క ప్రకారం 0.154 నార్మల్. పేరు అతుక్కుపోయింది, ఇక వదలదు. జాగ్రత్తపరులు 0.9 శాతం సోడియం క్లోరైడ్ అనే రాస్తారు.

9 గ్రాములను 58.44తో భాగిస్తే 0.154 మోల్. అంటే లీటరుకు సోడియం 154, క్లోరైడ్ 154 మిల్లీమోల్. కలిపితే 308. సీసాల మీద రాసే అంకె ఇదే. కానీ ఉప్పు నీళ్లలో కరిగాక అయాన్లు పూర్తిగా ఒకదాన్నొకటి వదిలి తిరగవు. అసలు కొలిస్తే 286 దగ్గర వస్తుంది. రక్తంలో మామూలుగా ఉండేది 275 నుంచి 295. కాబట్టి 308 చూసి కొంచెం హైపర్‌టానిక్ అనుకోవడం తప్పు. అలాగే రక్తంలో సోడియం 140 కదా, సెలైన్‌లో 154 ఉంటే ఎక్కువే కదా అనిపిస్తుంది. ప్లాస్మాలో 93 శాతమే నీళ్లు, మిగతాది ప్రోటీన్లూ కొవ్వులూ. ఆ నీళ్లవరకే లెక్కేస్తే సోడియం 150 దగ్గరకు వస్తుంది. తేడా దాదాపు మాయమైపోయింది.

క్లోరైడ్ విషయంలో ఇలా సర్దిచెప్పుకోవడం కుదరదు. రక్తంలో ఉండేది వంద చిల్లర, సీసాలో ఉన్నది 154. లీటర్లకొద్దీ ఎక్కిస్తే రక్తంలో క్లోరైడ్ పెరుగుతుంది, బైకార్బొనేట్ తగ్గుతుంది, ఆమ్లం వైపు మొగ్గుతుంది. టోనిసిటీ సరిగ్గా ఉన్నా ద్రావణం చాలకపోవచ్చనే సంగతి సిడ్నీ రింగర్‌కు 1880లలోనే ఎదురైంది. విడదీసిన కప్ప గుండె సెలైన్‌లో చక్కగా కొట్టుకుంటోందని ఆయన మొదట రాశాడు. తర్వాత తెలిసిందేమంటే, సహాయకుడు ఆ సెలైన్‌ను డిస్టిల్డ్ వాటర్‌తో కాకుండా లండన్ కొళాయి నీళ్లతో కలిపాడు. డిస్టిల్డ్ వాటర్‌తో కలిపితే గుండె కాసేపటికే ఆగిపోయింది. కొళాయి నీళ్లలోని కాల్షియమే దాన్ని నడిపించింది. టోనిసిటీ రెండింటిదీ ఒకటే. ఆ పరిశోధన నుంచే రింగర్ ద్రావణం వచ్చింది. 1930లలో అలెక్సిస్ హార్ట్‌మన్ దానికి లాక్టేట్ చేర్చడంతో ఇప్పుడు ‘ఆర్ఎల్’ అని పిలిచే సీసా తయారైంది. దాంట్లో సోడియం 130, క్లోరైడ్ 109, లెక్క ప్రకారం ఆస్మోలారిటీ 273. కొంచెం పలచన. ఆ కొంచెం వల్లే మెదడు దెబ్బతిన్నవాళ్ల దగ్గర డాక్టర్లు ఆర్ఎల్ పక్కన పెట్టి 0.9నే అందుకుంటారు.

మిగతా రోగులకు ఏది మేలు అన్నది ఇంకా పూర్తిగా తెగలేదు. 2018లో వచ్చిన స్మార్ట్ ట్రయల్ ఐసీయూ రోగుల్లో కిడ్నీ ఇబ్బందులు ఆర్ఎల్ లాంటి ద్రావణాలతో కొంచెం తక్కువని చూపింది. 2021లో బేసిక్స్, 2022లో ప్లస్ ట్రయల్స్ మరణాల్లో చెప్పుకోదగ్గ తేడా లేదన్నాయి. ఉన్న తేడా చిన్నదనీ, ద్రవం ఎక్కువ మోతాదులో ఎక్కినప్పుడే అది బయటపడుతుందనీ అనుకోవడమే ప్రస్తుతానికి సబబు.

సీసాలో ఒకటి, ఒంట్లో ఒకటి

5 శాతం డెక్స్ట్రోజ్ సీసాలో లీటరుకు 50 గ్రాముల చక్కెర ఉంటుంది. ఆస్మోలారిటీ 252. సీసాలో ఉన్నంతసేపూ ఇది దాదాపు ఐసోటానిక్. నరంలోకి వెళ్తుంటే కణాలు టపటపా పగిలిపోకుండా ఉండడానికే ఆ చక్కెర. ఒంట్లోకి వెళ్లాక చక్కెరను కణాలు తీసుకుని వాడేసుకుంటాయి, మిగిలేది ఉత్త నీళ్లు. అంటే ఈ సీసా మంచినీళ్లను మారువేషంలో లోపలికి పంపే ఏర్పాటు. కావలసిందీ అదే, ఒంట్లో నీళ్లు తగ్గి సోడియం పెరిగినప్పుడు.

దీన్ని లెక్కతో చూస్తే తేడా ఎంతో తెలుస్తుంది. 70 కిలోల మనిషిలో సుమారు 42 లీటర్ల నీళ్లుంటాయి. మూడింట రెండు వంతులు కణాల లోపల, ఒక వంతు బయట. ఆ బయటి భాగంలో నాలుగో వంతు రక్తనాళాల్లో. లీటరు 0.9 సెలైన్ ఎక్కిస్తే, సోడియం బయటే ఉండిపోతుంది కాబట్టి నీళ్లూ బయటే ఉంటాయి. అందులో సుమారు 250 మిల్లీలీటర్లు నాళాల్లో నిలుస్తాయి. అదే లీటరు డెక్స్ట్రోజ్ అయితే నీళ్లు అంతటా పరుచుకుంటాయి: 660కి పైగా కణాల్లోకి, నాళాల్లో మిగిలేది 85కు కాస్త అటూ ఇటూ. బీపీ పడిపోయిన రోగికి డెక్స్ట్రోజ్ ఎక్కించి లాభం లేదనడానికి ఈ రెండు అంకెలు చాలు. హాఫ్ నార్మల్, అంటే 0.45 శాతం, ఈ రెండింటి నడుమ. దాన్ని అర లీటరు సెలైన్, అర లీటరు నీళ్లు అనుకుని లెక్క వేస్తే సరిగ్గా వస్తుంది.

ఇంకో వింత డీఎన్ఎస్. 5 శాతం డెక్స్ట్రోజ్, 0.9 శాతం సెలైన్ కలిసిన సీసా. ఆస్మోలారిటీ సుమారు 560, రక్తానికి దాదాపు రెట్టింపు. పుస్తకం చూసి హైపర్‌టానిక్ అని రాసేవాళ్లున్నారు. చక్కెర ఖర్చయిపోయాక అది మామూలు 0.9 సెలైనే. షుగర్ జబ్బులో ఇన్సులిన్ లేక గ్లూకోజ్ కణాల్లోకి వెళ్లలేకపోతే మాత్రం లెక్క తిరగబడుతుంది. అప్పుడు గ్లూకోజే దాటలేని రేణువై కండరాల కణాల నుంచి నీళ్లు బయటికి లాగుతుంది. ఆ నీళ్లు కలిసి రక్తంలో సోడియం పలచబడి కనిపిస్తుంది.

రక్తం ఎక్కించే గొట్టంలో 0.9 సెలైన్ తప్ప వేరేది కలపనివ్వకపోవడానికీ ఇదే మూలం. డెక్స్ట్రోజ్ కలిస్తే ఎర్రకణాలు గ్లూకోజ్‌ను లోపలికి తీసుకుంటాయి, వెనకే నీళ్లు వస్తాయి, ఉబ్బి పగులుతాయి. ఆర్ఎల్‌కు కారణం వేరు. అందులోని కాల్షియం రక్తం గడ్డకట్టకుండా కలిపిన సిట్రేట్‌కు ఎదురు పనిచేస్తుంది.

ఉప్పు వాడే వీలే లేని ఒక సందర్భం కూడా ఉంది. ప్రోస్టేట్ గ్రంథిని కరెంటు తీగతో చెక్కే ఆపరేషన్‌లో, లోపల స్పష్టంగా కనపడాలంటే ద్రవం పారుతూనే ఉండాలి. ఉప్పునీళ్లు కరెంటును ఎటుబడితే అటు పంపేస్తాయి కాబట్టి తొలిరోజుల్లో డిస్టిల్డ్ వాటర్ వాడారు. తెగిన సిరల గుండా అది రక్తంలోకి పోయి ఎర్రకణాలు పగిలాయి. తర్వాత 1.5 శాతం గ్లైసిన్ వచ్చింది. కణాలు పగలడం ఆగింది. కానీ దాని ఆస్మోలారిటీ 200 దగ్గరే, పైగా గ్లైసిన్ కూడా మెల్లగా కణాల్లోకి వెళ్లి ఖర్చవుతుంది. చివరికి ఒంట్లో నీళ్లు మిగిలి, సోడియం పడిపోయి, రోగి అయోమయంలో పడేవాడు. కరెంటు రెండు కొసల మధ్యే తిరిగేలా చేసిన బైపోలార్ పరికరాలు వచ్చాకే అక్కడ సెలైన్ వాడడం కుదిరింది.

మెదడు దగ్గర తొందర పనికిరాదు

కండరం ఉబ్బితే చోటుంది. మెదడుకు లేదు, చుట్టూ ఎముక. అందుకే టోనిసిటీ తప్పులకు మొదట గోల పెట్టేది మెదడే. రక్తంలో సోడియం వేగంగా పడిపోతే నీళ్లు మెదడు కణాల్లోకి వెళ్తాయి. తలనొప్పి, వికారం, మగత, ఫిట్స్, ఆ పైన ఊపిరి ఆగిపోవడం.

ఇది ఆస్పత్రుల్లో మంచి ఉద్దేశంతోనే జరుగుతూ వచ్చింది. పిల్లలకు రోజువారీ ఎన్ని నీళ్లు, ఎంత ఉప్పు కావాలో 1957లో హాలిడే, సేగర్ అనే డాక్టర్లు తేలిక సూత్రంగా చెప్పారు. నీళ్ల మోతాదు సూత్రం ఇప్పటికీ వాడుకలో ఉంది. ఉప్పు లెక్క పాల మీద పెరిగే ఆరోగ్యవంతమైన పిల్లల అవసరాల నుంచి తీసుకున్నది, కాబట్టి సీసాలు బాగా పలచగా ఉండేవి. జబ్బుపడ్డ పిల్లల్లో నొప్పి, వాంతులు, ఆపరేషన్ టెన్షన్, ఊపిరితిత్తుల జబ్బు, వీటన్నిటివల్లా నీళ్లను పట్టి ఉంచే హార్మోన్ పెరుగుతుంది. మూత్రం తగ్గుతుంది. ఎక్కించిన నీళ్లు లోపలే ఉండిపోతాయి. ఏళ్ల తరబడి నష్టాలు చూశాక, 2018లో అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ 28 రోజులు నిండిన పిల్లల నుంచి 18 ఏళ్లవాళ్ల వరకూ, కొన్ని ప్రత్యేక జబ్బులున్నవాళ్లను మినహాయించి, ఐసోటానిక్ సీసాలే వాడమని చెప్పింది.

నోటితో తాగినా ఇదే జరగొచ్చు. 2002 బోస్టన్ మారథాన్‌లో పరుగు ముగించిన 488 మంది రక్తం చూస్తే 13 శాతం మందిలో సోడియం తక్కువగా ఉంది. దాహానికి మించి తాగి, పరుగు మొదట్లోకన్నా చివర్లో బరువు పెరిగినవాళ్లలో ఇది ఎక్కువ.

ఇలాంటి అత్యవసరంలో 3 శాతం సెలైన్ ప్రాణం నిలబెడుతుంది. లీటరుకు 513 మిల్లీమోల్ సోడియం. వంద, నూట యాభై మిల్లీలీటర్లు కొద్ది నిమిషాల్లో ఎక్కిస్తే మెదడు నుంచి నీళ్లు బయటికి వస్తాయి. సోడియం 4 నుంచి 6 మిల్లీమోల్ పెరిగితే చాలు, ఫిట్స్ ఆగుతాయి. మామూలు స్థాయికి తీసుకురావాలని అక్కడే పట్టుబట్టకూడదు. ఎందుకంటే సోడియం రెండు రోజులకు మించి తక్కువగా ఉంటే మెదడు కణాలు సర్దుకుంటాయి. ముందు పొటాషియంను, తర్వాత టారిన్, గ్లుటమేట్ లాంటి చిన్న అణువుల్ని బయటికి పంపి, లోపలి రేణువుల లెక్క తగ్గించుకుని ఉబ్బు దించుకుంటాయి. ఆ స్థితిలో రక్తంలో సోడియం 120 ఉన్నా వాటికి అదే ఐసోటానిక్. అప్పుడు గబగబా 0.9 సెలైన్ ఎక్కించినా అది ఆ మెదడుకు హైపర్‌టానిక్ కిందే లెక్క. పోగొట్టుకున్న అణువుల్ని మళ్లీ కూడగట్టుకోవడానికి రోజులు పడుతుంది. ఈలోపు కణాలు కుంచించుకుపోతాయి, నరాల మీది మైలిన్ తొడుగు దెబ్బతింటుంది. రోగి ముందు కోలుకున్నట్టు కనిపిస్తాడు. రెండు మూడు రోజుల తర్వాత మాట ముద్దగా రావడం, మింగలేకపోవడం, కాళ్లూ చేతులూ పడిపోవడం. 1959లో మొదటిసారి దీన్ని వైద్య పత్రికల్లో వర్ణించారు. ఈ ముప్పు ఉన్నవాళ్లకు 24 గంటల్లో 8 మిల్లీమోల్‌కు మించి పెంచొద్దని ఎక్కువమంది పాటించే హద్దు ఈ జబ్బు భయంతోనే వచ్చింది.

ఇంకా చిక్కటివీ ఉన్నాయి. 23.4 శాతం ద్రావణంలో లీటరుకు 4,000 మిల్లీమోల్ సోడియం ఉంటుంది. తలలో ఒత్తిడి ప్రాణం తీసేంత పెరిగినప్పుడు 30 మిల్లీలీటర్లు పెద్ద సిర గుండా ఇస్తారు. చేతి నరంలో ఇస్తే నరమే మాడిపోతుంది. దాన్నీ 0.9నూ పక్కపక్కన పెడితే చూపుకు రెండూ నీళ్లే, రంగు లేదు, వాసన లేదు. ఇలాంటివాటిని మామూలు అరల్లో పెట్టకుండా తాళంలో ఉంచడం అతి జాగ్రత్తేమీ కాదు.

మనిషి రక్తం దాటి బయటికి వస్తే

ఏ ప్రాణికి ఏది ఐసోటానిక్ అంటే ఆ ప్రాణినే అడగాలి. కప్పకు 0.65 శాతం ఉప్పు చాలు. సముద్రపు నీళ్లు వెయ్యి మిల్లీఆస్మోల్ దాటి ఉంటాయి. అందులో బతికే ఎముక చేపల రక్తం అందులో మూడో వంతు, కాస్త పైన. అవి ఎప్పుడూ నీళ్లు కోల్పోతూ, సముద్రాన్నే తాగుతూ, ఉప్పును మొప్పల గుండా బయటికి తోస్తూ బతుకుతాయి. షార్క్ చేపది వేరే తెలివి. అది యూరియాను పారేయకుండా రక్తంలో దాచుకుని, సముద్రంతో సమానమవుతుంది. నాలుగో గొట్టంలో ఎర్రకణాలను కాపాడలేకపోయిన యూరియా ఇక్కడ ఎలా పనికొచ్చింది? షార్క్ మొప్పలు యూరియాను బయటికి పోనివ్వవు. దాటలేని చోట అదే యూరియా ఉప్పులాగే పనిచేస్తుంది.

మంచినీటిలో బతికే ప్యారమీషియం అనే ఏకకణ జీవికి చుట్టూ ఉన్న లోకమంతా హైపోటానిక్. లోపలికి వచ్చే నీళ్లను సంకోచ రిక్తిక అనే సంచితో అస్తమానం తోడి పోస్తుంటుంది. మొక్కలకు ఆ బాధ లేదు. గట్టి కణకవచం ఉంది కాబట్టి నీళ్లు ఎంత తోసుకొచ్చినా పగలవు, పైపెచ్చు ఆ ఒత్తిడితోనే ఆకు నిటారుగా నిలబడుతుంది.

టోనిసిటీ పొరపాటు ఒకటి జన్యుశాస్త్రం దారినే మార్చింది. మనిషికి 48 క్రోమోజోములని 1920ల నుంచీ అందరూ నమ్మేవారు. స్లైడు మీద అవి ఒకదాని మీద ఒకటి పడి, చిక్కుపడ్డ దారప్పోగుల్లా ఉండేవి, లెక్క తేలేది కాదు. 1952లో టెక్సస్‌లోని గాల్వెస్టన్‌లో టీ.సీ. సూ అనే శాస్త్రవేత్త మైక్రోస్కోపులో చూస్తే, ఒక బ్యాచ్ స్లైడ్లలో క్రోమోజోములు విడివిడిగా, పరిచినట్టు కనిపించాయి. మళ్లీ చేస్తే రాలేదు. నెలలు గడిచాయి. ఒక్కో విషయం మార్చి మార్చి చూశాక, కణాలను కడిగే సెలైన్‌లో నీళ్లు ఎక్కువ కలిపినప్పుడు మళ్లీ అలాగే వచ్చాయి. మొదటిసారి ఎవరో సహాయకులు కొలత తప్పి పలచగా కలిపి ఉంటారు. ఎవరన్నది ఆయనకు చివరిదాకా తెలియలేదు. కణం నీళ్లు తాగి ఉబ్బితే లోపల చోటు పెరిగి క్రోమోజోములు విడిపోతాయి, అంతే కిటుకు. విచిత్రం ఏమంటే, అంత స్పష్టంగా చూసి కూడా సూ 48 అనే లెక్కపెట్టాడు. స్వీడన్‌లో జో హిన్ చియో, ఆల్బర్ట్ లెవాన్ అనే శాస్త్రవేత్తలు అదే కిటుకు వాడి 1956లో 46 అని ప్రకటించారు. నేటికీ క్రోమోజోమ్ పరీక్ష చేసే ల్యాబుల్లో కణాలను పలచటి పొటాషియం క్లోరైడ్‌లో కాసేపు ఉంచుతారు.

ఇంతకీ ఎర్రకణం నీళ్లు ఎంతవరకు ఓర్చుకుంటుంది? మామూలుగా అది 90 ఫెమ్టోలీటర్ల పళ్లెం. పైపొర దాని పరిమాణానికి కావలసినదానికన్నా వదులుగా ఉంటుంది. ఉబ్బి ఉబ్బి బంతి అయ్యేసరికి 150 దాకా పడుతుంది, ఆ తర్వాత సాగదు. ఈ వదులును కొలిచే పాత పరీక్ష ఒకటి ఉంది. 0.9 నుంచి 0.1 దాకా మెట్లుమెట్లుగా పలచబడే ఉప్పునీళ్ల గొట్టాలు వరసగా పెట్టి, ఒక్కో దాంట్లో ఒకే మోతాదు రక్తం వేసి, కాసేపాగి తిప్పి చూస్తారు. ఆరోగ్యంగా ఉన్న రక్తం 0.5 దాకా నిలబడి, 0.45 దగ్గర పైనీళ్లు గులాబీ రంగు తేలడం మొదలై, 0.3 దగ్గర పూర్తిగా పగులుతుంది. పుట్టుకతోనే కణాలు బంతుల్లా ఉండే స్ఫెరోసైటోసిస్ జబ్బులో వదులు ముందే అయిపోయి ఉంటుంది, అందుకని ఇంకా చిక్కటి గొట్టాల్లోనే రంగు దిగుతుంది. తలసేమియాలో కణాలు పలచగా, ఖాళీ సంచుల్లా ఉంటాయి కాబట్టి అందరికన్నా ఆలస్యంగా పగులుతాయి. ముగ్గురి రక్తం మూడు వరసల్లో పెడితే 0.5 గొట్టం ఒక వరసలో అప్పటికే ఎర్రబడి ఉంటుంది, రెండు వరసల్లో పైన తేట నీళ్లు, అడుగున ఎర్రటి మట్టు అలాగే ఉంటాయి.